ఇంటిపేరు ఇరవై ఎనిమిది

పలాసలో కెర్నెల్ అంటే పప్పు,
షెల్ అంటే పెంకు.
డిప్లొమాలో ఈ రెండు మాటలూ విన్నప్పుడు
నాకు ముందు గుర్తొచ్చింది
మా అమ్మ వేళ్ల మీద జీడి సొన మచ్చ.
పెంకు బయట, పప్పు లోపల,
మధ్యలో చెయ్యి పెడితే కాలుతుంది.
అంతవరకూ పుస్తకం సరిగ్గానే చెప్పింది.

కాశీబుగ్గ దారిలో మా ఫ్యాక్టరీ బోర్మా గది.
ట్రేల సందుల్లో ఒకే ఒక తీగ,
తీగకి ఏడు సెన్సర్లు,
మిరియం గింజ కన్నా కాస్త పెద్దవి.
అదే తీగలోంచి వాటికి తిండి,
అదే తీగలోంచి మాట.
ఒకటి మాట్లాడుతుంటే మిగతావి
నోరు కట్టుకుని ఊరుకోవాలి.

ఒక్కోదానికి ఎనిమిది బైట్ల పేరు,
మనలాగే ఇంటిపేరు ముందు:
ఇరవై ఎనిమిది వారు.
చివరి బైటు సాక్షి సంతకం,
దారిలో పేరు చెరిగితే పట్టిస్తుంది.

నా ప్రోగ్రాం ఆ తీగని ముట్టుకోకూడదు.
చీటీ రాసి కెర్నెల్‌కి పంపాలి:
ఫలానా తీగ, ఫలానా పేరు,
చదవాలా రాయాలా, ఎన్ని బైట్లు,
పైన వరస నంబరు.
జవాబు అదే నంబరుతో వస్తుంది,
లేకపోతే తప్పు నంబరు ఒక్కటే వస్తుంది.
అదీ జవాబే.
అడక్కుండా వచ్చే కబుర్లు వేరు:
ఒకరు చేరారు. ఒకరు పోయారు.
చెవి ఒగ్గినవాళ్లందరికీ దండోరా.

గున్నమ్మకి ఇదంతా చెప్పక్కర్లేకపోయింది.
పాతికేళ్లుగా బోర్మా తలుపు ఆవిడది.
ఒలుపు షెడ్డు నుంచి కిటికీలో చీటీలొస్తాయి,
ఎన్ని ట్రేలు, ఏ రకం.
లోపలికి ఎవర్నీ రానివ్వదు.
"ఒక్కొక్కరే సెప్పండర్రా,
అందరూ ఒక్కపాలి అరిస్తే
నాకేటి ఇనబడతాది?"
నాకది పరీక్షలో పది మార్కుల ప్రశ్న.

"ఈ గింజల్నేటంటారు పాపా?" అనడిగింది ఓసారి.
పత్రంలో మాస్టర్ అని ఒకటుంది,
స్లేవ్ అని ఏడున్నాయి.
మేస్త్రీ వెనకే నిలబడున్నాడు.
"చెప్పేవి" అన్నాను, "జ్వరం చెప్పేవి."

తుఫాను గాలికి కరెంటు రెండుసార్లు
కన్నుకొట్టిన రాత్రి
ఐదోది పోయిందని దండోరా.
నేను చెప్పుల్లో కాలు పెట్టేలోపే
ఐదోది చేరిందని దండోరా.
వెంటనే అడిగితే ఎనభై ఐదు.
డెబ్బై దాటకూడని గదిలో ఎనభై ఐదు!
సాక్షి సంతకం సరిపోయింది.
మంచీ చెడ్డా కెర్నెల్ చూడదు,
ఇచ్చింది ఇచ్చినట్టు చేతిలో పెట్టింది.
నా ప్రోగ్రాం వేడి ఆపేసింది.

గున్నమ్మ ఒక ట్రే లాగి
ఒక పప్పుని వేళ్ల మధ్య నలిపింది.
పొట్టు కదల్లేదు.
"ఏడి నేదు. ఇంకా పచ్చిగుంది.
ఎవులు సెప్పారు నీకు?"

అప్పుడు చదివాను పత్రం అడుగున చిన్నక్షరాలు.
కొత్తగా లేచినదాన్ని కొలవకముందే అడిగితే
ఎనభై ఐదు అంటుంది.
అబద్ధం కాదు, నిద్రమత్తు.
కొలవమని చెప్పి ముప్పావు సెకను ఆగాలి.
ఆ ముప్పావు సెకనూ తీగ మీద
ఎవరూ పలక్కుండా
దానికి తిండి అందనివ్వాలి.

షెడ్డులో కొత్త పిల్ల చేరిన రోజు
గున్నమ్మ లెక్క అడగదు.
"కూకో ముందు, టీ తాగు" అంటుంది.
ఆ మాట ప్రోగ్రాంలో రాయడానికి
నాకు మూడు లైన్లు, ఒక రాత్రి పట్టాయి.

బోర్మా మళ్లీ కాగేసరికి తెల్లారింది.
విరిగిన పప్పు ఖరీదు
ఒలుపు ఆడవాళ్ల కూలీలో కోస్తానన్నాడు మేస్త్రీ.
తప్పు నాదని చీటీ రాసి
వరస నంబరు కూడా వేసి
ఆఫీసు కిటికీలో ఇచ్చాను.

పదకొండు రోజులైంది.
జవాబు లేదు,
తప్పు నంబరైనా లేదు.
ఐదోది మాత్రం, అడిగి ఆగితే,
అరవై ఎనిమిది అంటోంది.