చెవికి ఆనించిన రాగి గొట్టం

జ్వోన్కో షెడ్డు కిటికీలో ఒక పిస్టన్ ఉంటుంది.
నెత్తిన బొక్క. అంచులు కరిగి, చల్లారి,
కొరికి వదిలేసిన బెల్లంముక్కలా.
ఎవరిదని అడిగితే
"తొందరది" అంటాడు.

వయల్లాలో జనవరి. నీడలో నలభై మూడు.
ఉక్కు కర్మాగారం ఎర్రదుమ్ము
పానాల పెట్టె మూత మీద, టీ కప్పు అంచు మీద,
నా పాత కింగ్స్‌వుడ్ యూట్ ఖాళీ కడుపులో.
దాని సొంత ఇంజన్ని నిరుడే పీకేశాం.
ఇప్పుడు గచ్చు మీద రెండు వి-సిక్స్‌లు,
ఒకే కంపెనీ, ఒకే కొలత, కవలలు.
ఒకటి గాలిని తొమ్మిదిన్నర వంతులు నొక్కుతుంది,
రెండోది ఎనిమిదిన్నరతో సరిపెట్టుకుంటుంది.
బల్ల మీద సూపర్‌చార్జర్,
ఎవరి మెడలో పడాలో తేలని దండ.

నాకు తొమ్మిదిన్నరే కావాలి.
ఇరవై మూడేళ్లకి ఎవరికైనా అదే కావాలి:
కాలు మోపీ మోపకముందే బదులు పలికే ఇంజన్.
జ్వోన్కో సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేశాడు.
పైనుంచి ఎనిమిది పౌండ్ల గాలి కూరితే
నీ తొమ్మిదిన్నర తొమ్మిదిన్నరగా ఉండదు, బ్రయనీ,
పద్నాలుగున్నర దాటుతుంది.
ఈ ఎండలో, ఇంటర్‌కూలర్ లేకుండా,
పెట్రోలు నిప్పురవ్వ కోసం ఆగదు.
పిలవని పేరంటానికి ముందే వచ్చి కూర్చుంటుంది.

"పెట్రోలు చిక్కగా పోస్తాను.
పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు,
పదకొండున్నర పాళ్ల గాలికి ఒక పాలు.
టైమింగ్ నాలుగు డిగ్రీలు వెనక్కి లాగుతాను."
రాత్రంతా ల్యాప్‌టాప్‌లో నేను పేర్చుకున్న గళ్లు,
గళ్లగళ్లలో అంకెలు,
ఒక్కటీ చెమట పట్టని అంకెలు.

అతను కిటికీ వైపు చూశాడు.
"దానికీ పెద్ద ఇంజెక్టర్లే. ఐదు బాగానే పోశాయి.
ఆరోది సగం పూడుకుంది."
అన్నానికైతే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు.
ఇంజన్‌కి
ఆరు మెతుకులూ పట్టి చూడాలి.

సాయంత్రం తన వాలియంట్ తీశాడు.
ఇంజన్ దిమ్మకి బిగించిన రాగి గొట్టం,
దానికి రబ్బరు ట్యూబు, ట్యూబు చివర చెవిమూతలు.
ముప్పై ఏళ్లు అతని తలకున్నవి
నా తలకి తొడిగాడు.
హమ్మాక్ హిల్ ఎక్కుతూ కాలు గట్టిగా అదిమాడు.

రేకు డబ్బాలో గులకరాళ్లు.
సన్నగా, తర్వాత సన్నగా కాదు.
"వస్తోంది, వదిలెయ్!" అరిచాను.
కాలు తీశాడు.
కొండ సగంలో ఆగి
సముద్రం వైపు చాలాసేపు చూశాడు.
"రెండేళ్లుగా," అన్నాడు, "నాకు అంతా బాగానే ఉంది."

రోలింగ్ మిల్లులో నలభై ఏళ్లు
చెవుల పై అంతస్తు పట్టుకుపోయాయి.
గాలి, మాటలు, కుక్క అరుపు మిగిలాయి.
ఆ గులకరాళ్లు మాత్రం పోయాయి.
"ఆ పిస్టన్ తొందరది కాదు.
నాది."

నేనేం అనలేదు.
ఏదో ఒకటి అనాల్సింది.

దిగేటప్పుడు అడిగాడు,
ఎంత పవర్ కావాలని కాదు:
"పెట్రోలు ఎక్కడ పోయిస్తావు?"
కూబర్ పీడీలో అక్క ఉంది. నెలకోసారి వెళ్తాను.
దారిలో రోడ్‌హౌస్‌లో ఉండేది తొంభై ఒకటి,
తొంభై ఎనిమిది ఊసే ఉండదు.
నా గళ్లన్నీ తొంభై ఎనిమిదికి కట్టినవి.
"మంచి రోజు కోసం ఇంజన్ కట్టకు," అన్నాడు.
"అక్కడ గొట్టం ఎవరు పట్టుకుంటారు?"

ఎనిమిదిన్నర పెట్టాం.
కింద మందంగా ఉంది, అబద్ధమెందుకు.
ట్రాఫిక్ లైట్ దగ్గర పాత టయోటాలు కూడా దాటిపోతాయి.
మూడు వేలు దాటాక మాత్రం ఈల వేసుకుంటూ
వీపుని సీటుకి అంటించేస్తుంది.
తొమ్మిదిన్నర బల్ల కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది.
అప్పుడప్పుడూ కాలి బొటనవేలితో తడుముతాను.

మొదటిసారి ఉత్తరానికి వెళ్లినప్పుడు
ట్యాంకు నిండా తొంభై ఒకటి.
ఎర్రమట్టి వాలు ఎక్కుతూ కిటికీ దించి విన్నాను.
టైర్లు. గాలి. బెల్టు కూత.
గులకరాళ్లు లేవు.
ఆ లేకపోవడాన్ని ఎంతవరకూ నమ్మాలో తెలియక
కూబర్ పీడీ దాకా
రేడియో పెట్టలేదు.