వాకిట్లో చిన్న లెక్క

త్వోరోయ్రి రేవులో ఉప్పుచేపల పాత గిడ్డంగి.
ఇప్పుడక్కడ ఉప్పూ లేదు, చేపా లేదు.
మూలన చెప్పుల పెట్టెంత కంప్యూటర్ ఒకటి,
దాని కడుపులో నూట పన్నెండు ఓడల దినచర్య పుస్తకాలు.
అరువు తెచ్చిన స్కానర్ మీద
నాలుగు శీతాకాలాలు ఒక్కో పేజీ పరిచాను.
గాలి ఎటు, అల ఎంత,
కాడ్ చేపలు ఎన్ని, ఎవరికి జ్వరం.

రోజుకు పాతికమంది వచ్చేవాళ్లు,
తాత చేతిరాత చూసుకుని పోయేవాళ్లు.

అక్టోబరులో వచ్చారు వాళ్లు.
వాళ్లు అనొచ్చో లేదో తెలీదు.
ఇసుక వేస్తే రాలదు.
ఒక్కొక్కటీ ఒక్కో ఊరి చిరునామా చెబుతుంది,
అన్నిటిదీ ఒకటే ఆకలి.
మెల్లగా రండి అని గేటుకు బోర్డు కట్టాను.
ఆ బోర్డును కూడా మింగి లోపలికొచ్చాయి.
ఏదో మార్చి నెలలో మంచు పడిన ఒక పేజీని
ఒక్క రాత్రిలో తొమ్మిది వేలసార్లు తిరగేశాయి,
ఒక్కసారీ చదవలేదు.
ఫ్యాను ఈల వేసీ వేసీ గొంతు పోగొట్టుకుంది.
తెల్లారేసరికి పెట్టె చల్లబడి ఉంది.

అప్పుడు పెట్టాను వాకిట్లో లెక్క.
తాళం కాదు. తాళమైతే
ముక్కూ మొహం తెలీనివాళ్లకు చెవి ఎక్కడని పంచను?
నేనో మాట ఇస్తాను,
నువ్వు దాని పక్కన ఒక అంకె పెట్టు,
రెండూ కలిపి రుబ్బితే వచ్చేది
నాలుగు సున్నాలతో మొదలవ్వాలి.
తెలివితో పనిలేదు.
ఒకటి పెట్టి చూడు, రెండు పెట్టి చూడు, పెడుతూ పో.
బియ్యంలో రాళ్లేరడం లాంటిది,
గుప్పెడైతే మాటల్లో అయిపోతుంది.
లక్ష బస్తాలు తేరగా తోలుకుపోదామని వచ్చినవాడికి
వేళ్లరుగుతాయి.

మొదటి రాత్రి నిద్ర మాని చూశాను.
వచ్చాయి. ఆగాయి. కొన్ని ఏరడం మొదలుపెట్టాయి.
ఎక్కడో ఎవరిదో కరెంటు బిల్లు
గిర్రున తిరగడం నాకు వినిపించినట్టే ఉంది.
మూడింటికి ఫ్యాను గొణుగుడుకు దిగింది.
వాటికి దక్కింది హళ్లికి హళ్లి, సున్నకు సున్న.
అక్కడితో ఊరుకోవాల్సింది.
ఒక్కో సున్నకు పని పదహారింతలని తెలిసీ
కసికొద్దీ ఇంకో రెండు చేర్చాను.

జనవరిలో ఫుగ్లోయ్ ద్వీపం నుంచి సున్నువా,
ఎనభై రెండేళ్లు, గోడ ఫోనులోంచి:
"అమ్మాయ్, నీ గుమ్మంలో చక్రం తిరుగుతూనే ఉంది.
దుంపలు చెక్కు తీశాను, ఉడకేశాను, తినేశాను కూడా.
ఇంకా తిరుగుతోంది."

మనవరాలు వదిలేసిన సెల్‌ఫోను ఆమెది.
అడుగుతున్నది స్ట్యోర్నా ఓడ పుస్తకం.
అందులో ఒక సాయంత్రం కెప్టెన్ రాశాడు:
'పెద్ద అల. వంటకుర్రాడు ఏలియెసర్ లేడు.'
కింది గీతలో ఎప్పటిలాగే: 'కాడ్, మూడు వందలు.'
ఏలియెసర్ ఆమె అన్న.

దొంగలకు కట్టిన వెల
ఆమె దగ్గర వసూలు చేస్తున్నాను.
"ఉండండి, ఇప్పుడే తగ్గిస్తా."

"వద్దు, ఇంత సేపూ ఆగాగా.
ఇది వెచ్చబడింది, రెండు చేతుల్లో పట్టుకున్నా.
ఈ నెలలో ఇక్కడ
ఊరికే వెచ్చగా ఉండేది ఏముంది చెప్పు.
పడవ కోసం మూడు రోజులు చూసేవాళ్లం,
నీ అంకెలకు చూడలేనా?"

ఇద్దరం ఫోను పెట్టలేదు.
ఆమె వైపు గాలి, నా వైపు ఫ్యాను.

"తీసుకుంది," అంది చివరికి.
చాలాసేపటికి, "అక్షరాలు ఎడమకు వాలాయి," అంది,
"రాస్తున్నప్పుడు ఓడ ఇంకా ఊగుతున్నట్టుంది."

ఆ రాత్రి సున్నాలు మళ్లీ నాలుగుకు దించాను.
కొన్ని వందలు అదనంగా దూరాయి.
అందులో ఒకటి, అడిగిన పని చేసి,
ఏలియెసర్ పేజీనే ఎత్తుకుపోయింది.
చూస్తూ ఊరుకున్నాను.
ఫ్యాను కాస్త గట్టిగా తిరుగుతోంది.
కోటు వేసుకుని పెట్టె పక్కనే కూర్చున్నాను,
అది వదిలే గాలికి
రెండు చేతులూ అడ్డం పెట్టి.