పళ్ళ లెక్క

గ్రిమ్స్‌బీలో శుక్రవారం గాలికి
పొగబెట్టిన చేప వాసన.
చారిటీ షాపు వెనక గదిలో
బొమ్మల సంచులు విప్పి
ముక్కలు లెక్కపెట్టడం నా పని.
ఒక్కటి తగ్గినా అమ్మకూడదని రూలు.

ఈ వారం వచ్చినవి:
ఎవరో రంగులన్నీ కలిపి పిసికి పిసికి
చివరికి ఒకటే గోధుమరంగు ముద్దగా మిగిల్చిన ప్లాస్టిసిన్,
ఫెల్టు బట్ట జంతువులు, వాటిలో తల లేని మొసలి,
నెత్తిన నాలుగు మేకులున్న చెక్క బుడిపె,
దాని కడుపులోంచి సగం దిగిన ఎర్ర ఉన్ని తాడు.
ఆ పిల్లనెవరో అన్నానికి పిలిచి ఉంటారు,
మళ్ళీ రాలేదు.

అడుగున స్పైరోగ్రాఫ్ పెట్టె.
మూత మూలలకి టేపు, టేపు మీద టేపు.
లోపలివైపు బాల్‌పెన్నుతో:
ఇది గ్లెనిస్‌ది. కీత్ ముట్టుకోకూడదు.

చక్రాలు చూడు, పోయేవి అవే, అంది బెరిల్.
నలభై ఏళ్ళు రేవులో చేపల ముళ్ళు తీసిన చేతులు ఆవిడవి.
ఇప్పుడు జిగ్సా ముక్కల్నీ అలాగే తడుముతుంది,
ఎక్కడో ముల్లు తగులుతుందన్నట్టు.

చూశాను. చూడక ఏం చేస్తాను,
చీరాలలో పదకొండేళ్ళు పళ్ళ డాక్టర్ని.
ఇక్కడ ఆ మాట చెప్పుకోవాలంటే ఇంకో పరీక్ష,
పరీక్షకి ముందు ఒక క్యూ,
క్యూలో ఉండగా ఈ శుక్రవారాలు.

చక్రాలన్నీ ఉన్నాయి.
యాభై రెండు పళ్ళ చక్రానికి మాత్రం
యాభై ఒకటే ఉన్నాయి.
గోటి కొనతో రెండుసార్లు లెక్కపెట్టాను,
పైవరసా కిందివరసా లేని గుండ్రటి దవడ.
పక్క పళ్ళు గట్టివే.
విరిగిన చోట నునుపు తేలింది, పాత దెబ్బ.
కీత్ ముట్టుకున్నాడు.

చెత్తలో వేసెయ్, అంది బెరిల్.
ఒక్క నిమిషం, అన్నాను.
నోరు తెరిచి కుర్చీలో పడుకున్నవాళ్ళతో
ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట.

పెట్టెలో పెన్నులన్నీ ఎండిపోయాయి.
రశీదులు రాసే నీలం పెన్ను తీసుకుని
రింగుని అట్టకి గుచ్చి
చక్రాన్ని లోపల దింపి తిప్పాను.

మావాళ్ళెవరైనా చూస్తే ముగ్గు అంటారు. కాదు.
ముగ్గుకి చుక్కలు ముందు, గీత తరవాత.
దీనికి గీతే ముందు. ఎటు పోతోందో
పెన్ను పట్టుకున్నవాళ్ళకి కూడా
చివరి రేకుదాకా తెలీదు.

పన్ను లేని చోటుకి వచ్చినప్పుడల్లా
చక్రం కొంచెం తడబడింది.
ప్రతి రేకులోనూ, అదే వంపులో,
నూకగింజంత ఎగుడు.
పదమూడు చుట్లు. ఇరవై నాలుగు రేకులు.
ఒక్కసారైతే చెయ్యి జారిందంటారు.
ఇరవై నాలుగుసార్లైతే
డిజైనంటారేమో.

బెరిల్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
కాగితాన్ని దగ్గరికీ దూరానికీ పట్టుకుని చూసింది.
రెండు పౌండ్లు పెట్టు, అంది.
చీటీ నేనే రాశాను:
ఒక పన్ను లేదు. పనిచేస్తుంది.
గీసిన కాగితం కూడా లోపలే పెట్టాను,
ఎక్స్‌రే జతచేసినట్టు.

మూడింటికి ఒక పిల్లాడు, వాళ్ళ తాతతో.
చీటీ చదివి పెద్దగా నవ్వాడు.
అలవాటు చావదు, నోట్లోకి చూశాను.
పైన ముందు రెండూ కొత్తగా దిగాయి,
ఆ మొహానికి మించిన పళ్ళు.
అంచున మూడేసి చిన్న చిన్న బుడిపెలు,
ఇంకా ఏ బిస్కెట్టూ అరగదీయనివి,
అచ్చం చక్రం అంచులాగే.
ఇంకో ఏడాదో రెండేళ్ళో.
తరవాత నున్నగా అయిపోతాయి,
అలా ఉండేవని వాడికే గుర్తుండదు.

చిల్లర లెక్కపెడుతుంటే అడిగాడు:
మరి ఆ పన్ను ఎక్కడికి పోయింది?

కీత్‌ని అడగాలి, అన్నాను.