చిటికెనవేలు

మూడు నెలల పిల్ల
మూడు గంటలకు మించి ఆపుకోలేదని
పశువుల డాక్టరమ్మ చెప్పింది.
నా షిఫ్టు పది గంటలు.
రెండు బస్సులు మారాలి, అదింకో గంటన్నర.
ఎన్నిసార్లు భాగించినా
శేషం వంటింటి నేలమీదే మిగులుతోంది.

అంత పని పెట్టుకుని కుక్కెందుకన్నాడు సూపర్‌వైజరు కీత్.
ఇంటికెళ్ళాక నాతో మాట్లాడేది
గోడమీది హీటరొక్కటేనని
అతనికి చెప్పలేదు.

దాని పేరు బఠాణీ.
పావు లాబ్రడారు, తక్కిన ముప్పాతికా దేవుడికెరుక.

డాంకాస్టర్లో నవంబరు. నాలుగున్నర.
పైజామా మీద కోటు వేసుకుని
వెనక గుమ్మంలో నిలబడతాను.
కానీ బఠాణీ, కానీ తల్లీ.
అది గడ్డిని వాసన చూస్తుంది,
కంచెని, నిన్నటి వానని,
ఎవరిదో పిల్లి నడిచిన దారిని,
నా చెప్పుని.
పట్టుచీర కొంటానని వచ్చి
పాతిక మడతలు విప్పించిన మనిషిలా
ఒక్కటీ నచ్చక లోపలికి నడిచి
కార్పెట్ మీద కానిచ్చేస్తుంది.

వెనిగర్ నీళ్ళు. పాత తువ్వాలు. నా మోకాళ్ళు.

తిట్టకూడదట. మూతి పట్టుకుని నేలకి రాయకూడదట.
బయట పోసినప్పుడు మాత్రం
పండగ చెయ్యాలట.
మొదటిసారి అది చెత్తడబ్బా పక్కన వంగినప్పుడు
చీకట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.
ఎదురింటి మేడమీద లైటు వెలిగింది.
మా తోడికోడలికి బ్యాంకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా
నేనింత బాహాటంగా సంతోషించలేదు.

ఆ లైటు మారీన్‌ది.
మర్నాడు తనే వచ్చింది, తాళంచెవి ఇమ్మని.
ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో టాఫీలకి కాగితాలు చుట్టిన చేతులు.
రోజూ పన్నెండింటికి తలుపు తీసి,
బఠాణీని తిప్పి,
ఫ్రిజ్ మీద చీటీ అంటించి పోయేది:
"ఒకటి బయట. ఒకటి నీ బూటులో. క్షమించు."

మంగళవారం మారీన్ తుంటికి ఆపరేషన్.

గోడౌన్లో నా మణికట్టుకి కట్టిన స్కానరు
నేను ఆగిన ప్రతి నిమిషాన్నీ రాసుకుంటుంది.
టాయిలెట్టు ఆ చివర.
వెళ్ళి రావడానికి ఏడు నిమిషాలు,
ఆరు దాటితే తెరమీద ఎర్రగీత.
అందుకని నేను నీళ్ళు తాగను.
ఆ మధ్యాహ్నం నలభై రెండో వరసలో
కాలిమీద కాలు బిగించి నిలబడి
ఎవరింటికో వెళ్ళే బొమ్మల పెట్టెకి టేపు అంటిస్తుంటే
తట్టింది,
పదకొండు మైళ్ళ అవతల
అదీ ఇదే పనిలో ఉందని.

మూడో తరగతిలో ఓసారి
చిటికెనవేలు పైకెత్తి నిలబడ్డాను.
మేష్టారు బోర్డు వైపు నుంచి తిరగకుండానే
కూచో అన్నారు.
పదమూడో ఎక్కం సగంలో ఉంది.
ఆ రోజు నేను వేసుకున్న పరికిణీ రంగు
ఇప్పుడడిగినా చెబుతాను.

ఇంటికొచ్చేసరికి ఏడు దాటింది.
కార్పెట్ పొడిగా ఉంది. బూట్లు పొడిగా ఉన్నాయి.
వెనక తలుపుకి ఆనుకుని,
గడపని తాకుతూ,
ఇంకొక్క జానెడు దాటితే గడ్డి అన్నచోట
చిన్న మడుగు.
తలుపు అడుగున చెక్కమీద సన్నటి గీతలు,
ఎన్నిసార్లు ఎత్తిందో చిటికెనవేలు.
బల్లకింద చెవులు వెనక్కి నొక్కుకుని
అది.

ఏమీ అనలేదు. అనడానికి వ్యవధి లేదు.
కోటుతోనే బాత్రూంలోకి పరిగెత్తాను,
తలుపు వెయ్యడం మరిచిపోయి.

కాసేపటికి బఠాణీ వచ్చింది.
గుమ్మంలో కూర్చుని
తల ఓ పక్కకి వాల్చి
శ్రద్ధగా వింది.
అయిపోయాక
తోకతో నేలమీద
టపటపా, టపటపా.