హే ఊళ్ళో పన్నెండు శాతం

ఎవర్నో కేకేసినట్టుంటుంది ఊరి పేరు: హే.
గడ్డి అనుకున్నాను మొదట్లో, చుట్టూ ఉన్నది అదే కనక.
కాదట, ఎవరో దొరగారి ఇంటిపేరట.
నెలకోసారి వెళ్తాను, చెవులు పరీక్ష చెయ్యడానికి,
వాగా నుంచి రెండు వందల అరవై ఐదు కిలోమీటర్లు,
వంపు లేని రోడ్డు, నీడ లేని రోడ్డు,
ఎదురుగాలి ఉన్న రోజున
ఏసీ కట్టేసుకుని, శాతాలు లెక్కపెట్టుకుంటూ.

ఫిబ్రవరిలో గోతులు తవ్వారు.
మార్చిలో కాంక్రీటు పోశారు,
తడారకముందే ఒక కుక్క నడిచింది దానిమీద.
ఏప్రిల్లో ఆరు స్తంభాలు నిలబెట్టి
నల్ల ప్లాస్టిక్ ముసుగులేసి
నడుములకి టేపు చుట్టి వెళ్ళిపోయారు.
ఆ తర్వాత, ఆ కుక్క అడుగులు తప్ప
అక్కడ ముందుకి వెళ్ళినట్టు ఏ ఆనవాలూ లేదు.

బోర్డు మీద మాత్రం పని ఆగలేదు.
"ఆకురాలు కాలంలో ప్రారంభం" మీద
"చలికాలంలో" అంటించారు, దానిమీద "వసంతంలో".
గాలికి పై చీటీ లేస్తే కింది చీటీ కనబడుతుంది,
పాత బాకీ మీద రాసిన కొత్త నోటులా.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా
కరెంటు కంపెనీ వాళ్ళు రావాలండి అంటుంది.
కరెంటు కంపెనీ, ట్రాన్స్‌ఫార్మర్ రావాలంటుంది.
ట్రాన్స్‌ఫార్మర్ ఏదో సముద్రం మీద ఉంది.
సముద్రానికి ఫోన్ నంబరు లేదు.

క్లారీ వెనింగ్‌కి ఎనభై నాలుగు. నా పదకొండింటి పేషెంటు.
కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది దాని ఇష్టం.
కుర్రతనంలో ఈ మైదానం మీద తీగలు లాగినవాడు.
"ఒక్క తీగ పిల్లా, ఫారానికి ఒక్కటే తీగ,
తిరుగుదారి నేలే" అంటాడు, నేను అడక్కపోయినా.
"నాలుగు బల్బులు, ఒక రేడియో, ఉన్ని కత్తిరించే మిషను,
అంతవరకే చూసుకుని వేశాం.
ఇప్పుడు నీ కారు వచ్చి ఒంటెలా తాగుతానంటే?"
హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ వినబడితే బటన్ నొక్కమంటాను.
నొక్కడు.
కిటికీలోంచి ఆ ఆరు ముసుగుల్నీ చూస్తుంటాడు.

ఆగస్టులో పన్నెండు శాతంతో దిగాను.
మోటెల్ గ్లెనిస్ ఏమీ అడగలేదు.
వెనక లాండ్రీ గది తలుపు తీసి
డ్రయ్యర్ ప్లగ్గు పీకి, నా తీగ ఇటిమ్మంది.
రాత్రంతా నా కారు చెంచాతో గంజి తాగింది,
గంటకి పది కిలోమీటర్ల చొప్పున.
సైకిలు మీదొచ్చినా అంతకంటే నయం.
తొమ్మిది గదుల తడి దుప్పట్లు ఆమె పెరట్లో ఆరేసింది,
మంచు పడేలోగా ఆరవని తెలిసీ.
పొద్దున బిల్లులో రాసింది:
గది, టోస్టు, ఆరని దుప్పట్లకి ఎనిమిది డాలర్లు.
పదిచ్చాను. రెండు తిరిగిచ్చింది.

నవంబరులో వచ్చింది ట్రాన్స్‌ఫార్మర్,
పొడుగాటి లారీ మీద
తాళ్ళతో కట్టేసిన ఆకుపచ్చ ఆంబోతులా.
బేకరీ మూసేసి వచ్చారు, బడిపిల్లల్ని వరసగా తెచ్చారు.
క్రేను దింపింది. నలుగురు సంతకాలు పెట్టారు.
ఐదో సంతకం పెట్టాల్సిన మనిషి
సిడ్నీలో సెలవులో ఉన్నాడట.

జనం పోయాక క్లారీ కంచె సందులోంచి దూరి
తన మంచి చెవి దాని డొక్కకి ఆనించాడు.
"బతికుంటే మూలుగుతుంది. నువ్వు విను, చదువుకున్నదానివి."
ఆనించాను. ఎండకి కాలిన ఇనుము, పెయింటు వాసన.
దూరంగా గొర్రెల లారీ ఒకటి గేరు మార్చింది.
"ఏమీ లేదు" అన్నాను, అతని ఎడమ చెవిలో, గట్టిగా.
"నాకూ ఏమీ లేదు!" అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ,
"రాసుకో. ఈ నెల మనిద్దరికీ ఒకటే మార్కులు."