రాక, పోక, ఆలస్యం, కారణం

కాజీపేట డీజిల్ కాలనీల మా క్వార్టర్‌కు
అయిలయ్య తెచ్చిన పాత రిజిష్టర్ ఇది.
స్టేషన్ల పారేస్తుంటే
అల్మార్ల పరుసుకోను పనికొస్తదని తెచ్చిండు.
సగానికి పైన తెల్ల కాయిదాలే.
ఎర్రగీతల నడుమ నాలుగు గడులు:
రాక, పోక, ఆలస్యం, కారణం.

పరువబుద్ధి కాలేదు.
చేతికి పెన్ను దొరికింది, రాసిన:
పాలు. రాక ఐదూ నలభై. ఆలస్యం ఇరవై నిమిషాలు.
కారణం, ఓదెలు బర్రె ఈనింది.
రాసి ఒక్కదాన్నే నవ్వుకున్న.
బర్రె ఈనిన సంగతి
రైల్వే రిజిష్టర్ల ఎక్కుడు అదే మొదలేమో.

అప్పటిసంది ఏడేండ్లు.
బాసన్లు తోమి, కొంగుకు చేతులు తుడుచుకొని
బియ్యం డబ్బా మీద పెట్టుకొని రాస్త.
గూడ్సు పోతుంటే గోడకు క్యాలెండర్ ఊగుతది,
నా అక్షరాలు గూడ ఊగుతయి.
ఇప్పుడు పేజీ తీస్తే చెప్త
ఏ మాట కాడ బండి పోయిందో.

ఏముంటయ్ అండ్ల?
నల్లా: రాలే.
సర్వపిండి మాడింది: కారణం, ఇన్నాసమ్మతోటి ముచ్చట.
చిన్నోని పన్ను: పోక, బడికాడ. దొరకలే.
అమ్మ ఫోను: మాపటీలి. కారణం, ఊకెనే.
మల్ల అమ్మ ఫోను. ఊకెనే.
ఆ వానకాలం నెలల ఐదు ఊకెనేలున్నయ్.
ఇయ్యాల లెక్కపెడితేగని తెల్వలే
అండ్ల ఒక్కటి గూడ ఊకెనే కాదని.

కోపం: రాక, పొద్దుగాల.
పోక గడి మూడు దినాలు ఖాళీ.
నాలుగో నాడు,
మిరపకాయ బజ్జీలు తెచ్చిండు. మాట్లాడలే గని తిన్న.

"ఏం లెక్కలే అవి?" అంటడు అయిలయ్య.
గార్డు మనిషి. ఆయన డైరీల
నిమిషాలుంటయ్, మనుషులుండరు.
"మన బండి యాడిదాక వచ్చిందో చూసుకోవద్దా" అంటి.

పోయిన వానలల్ల సంధ్యకు జరం ఇడువలే.
ఎంజీఎంల డాక్టరమ్మ "ఎప్పటిసంది?" అన్నది.
సంచిలకెల్లి రిజిష్టర్ తీసిన.
జరం: రాక బుధవారం మాపు. పోక గురువారం తెల్లారి.
మల్ల రాక, శనివారం, దీపం పెట్టే యాళ్లకు.
అద్దాలు పైకి జరిపి చదివింది ఆమె.
చూపు జరం దాటి ముందు పేజీలకు పోయింది,
బజ్జీల కాడ ఆగింది,
పెదవి కొస కదిలింది.
"నర్సు పని చేసినవా అమ్మా?"
"లేదు మేడం. ఇంట్లనే ఉంట."
ఎప్పుడూ అనే మాటే.
ఆనాడు తల వంచకుంటనే అన్న.

ఇంకోటి గూడ అయింది.
రాసుడు మొదలువెట్టినంక కండ్లు మారినయ్.
బోర్లించిన గిన్నెల మీద
అవతలి లైను ఇంజను లైటు పడ్డప్పుడు
ఒక్క నిమిషం మా వంటిల్లు
జంక్షన్ లెక్క మెరుస్తది.
ఇంతకుముందు గూడ మెరిసే ఉంటది.
నేనే వీపు తిప్పి నిలవడుంటి.

నిన్న పొద్దుగాల తీస్తే
నాది కాని రాత.
నిటారుగ, గార్డు రాత, ఒక్క అక్షరం ఊగలే:
అయిలయ్య. రాక, రాత్రి పన్నెండూ పది.
ఆలస్యం రెండు గంటలు.
కారణం, పెద్దపల్లి కాడ సిగ్నల్ దొరకలే.
నువ్వు పండుకున్నవ్, లేపలే.

చాయ పొంగుతుంటే మంట తగ్గించి
కింద రాసిన:
పండుకోలే.