కొమ్ము పలకలు

గేదె కొమ్ముకి కొబ్బరినూనె రాసి
కుంపటి మీద తిప్పుతూ ఉంటే
కాసేపటికి దాని మొండితనం దానికే గుర్తుండదు.
అప్పుడు వంచాలి,
కొంగ మెడకి ఎంత వంపు కావాలో అంత.
నీళ్లలో ముంచితే ఇక అదే దాని పుట్టుక.
పర్లాకిమిడిలో మా వీధి వీధంతా
కాలిన గోరు వాసన వేసేది ఇందుకే.

కొమ్మూ చర్మమేనయ్యా అన్నాడు
బరంపురం పెద్దాసుపత్రిలో డాక్టర్ ప్రహరాజ్,
నేనేం పని చేస్తానో అడిగి.
గోరూ వెంట్రుకా కొమ్మూ ఒకే సరుకట.
నలభై ఏళ్లుగా చర్మాన్ని వంచుతున్నానని
ఆ రోజే తెలిసింది.

తవిటమ్మ మెడ మాత్రం వంగదు.

అడ్డపొగ వాళ్లమ్మ దగ్గర నేర్చింది.
నిప్పు నోటి లోపల, చుట్ట మొదలు బయట.
నాట్లేస్తున్నా ఆరదు, ముసురు పట్టినా ఆరదు.
అంగిట్లో తెల్లటి పొక్కు లేచిన నాడు
ఆకులో సున్నం ఎక్కువైంది అంది.
ముప్పై మూడు కరెంటులు పెట్టారు.
మంట లేదు, పొగ లేదు,
చప్పుడు కూడా తుమ్మెదంత.
పుండు పోయింది.
మహేంద్రతనయ ఒడ్డున మేకని కోసి
వీధికంతా భోజనాలు పెట్టాను.

ఈ బిగువు మూడేళ్ల తర్వాత వచ్చింది.
కుడి చెవి కింద మొదలై భుజందాకా
ఎండబెట్టిన తోలు.
ఎవరైనా పిలిస్తే తల తిరగదు,
తలుపు తిరిగినట్టు మనిషంతా తిరుగుతుంది.
నోట్లోకి రెండు వేళ్లు పడితే గొప్ప.

రోగం మళ్లీ వచ్చిందా బాబూ?
కాదు, చూడు దండాసీ, అని
మందుల చీటీ వెనక రెండు గీతలు గీశాడు.
పైది చర్మం పై పొర.
కరెంటు దెబ్బ తిన్న కణాలు అక్కడ
చావనూ లేదు, కోలుకోనూ లేదు.
కింద నేతపని కణాలు.
పైవాళ్లు గాయం, గాయం అని కేకేస్తూనే ఉంటారు,
కిందివాళ్లు దారాలు అల్లుతూనే ఉంటారు.
మానిపోయిన సంగతి
ఎవరూ ఎవరికీ చెప్పరు.
ఇన్నాళ్లూ తప్పంతా అల్లేవాళ్లదే అనుకున్నాం, అన్నాడు,
కేక పైనుంచని ఈమధ్యే ఆరా తీస్తున్నారు.

ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రా,
పాతపట్నం దాటితే మళ్లీ ఒడిశా.
రెండు సరిహద్దులు దాటింది బస్సు,
నేను ఆ కేక దగ్గరే ఉండిపోయాను.
తిత్లీ తుఫాను వెళ్లిపోయాక కూడా మా వదిన
మూడు నెలలు రాత్రిపూట తలుపులకి తాళ్లు కట్టేది,
ముడి మీద ముడి.
ఆకాశం చూపించినా నమ్మేది కాదు.
ఆ తలుపు ఇప్పటికీ సగమే తెరుచుకుంటుంది.

కుంపటి సెగ పెట్టనా అని అడిగితే
డాక్టరు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.
ఆ చర్మానికి ఇక సెగ తగలకూడదు.
నా విద్యలో సగం అక్కడే పోయింది.
మిగిలినవి నూనె, వేళ్లు.

ఐసు పుల్లలు నోట్లో పేర్చుకోమన్నాడు,
పట్టినన్ని, మెల్లిగా ఒకటొకటి పెంచుతూ.
పుల్లలు నానిపోతాయి, పేడు లేస్తాయి.
నేను కొమ్ము చీల్చి పలకలు కోశాను,
గోరుకన్నా కాస్త మందం,
అంచులు బరివెంక ఆకుతో తోమి తోమి.
కొనే షావుకారు ఏం చేస్తున్నావని అడిగితే
దువ్వెనలన్నాను.

పలకలు నోట్లో ఉన్నంతసేపూ ఆమెకి మాట రాదు,
కళ్లతోనే తిడుతుంది.
తీశాక అంటుంది,
"రొయ్యలకి మీసాలెట్టీవోడివి
నాకు కళ్లెమెట్టినావేటి?"

దీపావళికి పదహారు.
నిన్న ఇరవయ్యోది దూరింది.
ఇవాళ పొద్దుటినుంచీ ముసురు,
పద్దెనిమిది దగ్గరే ఆగింది.
మిగిలిన రెండూ కిటికీలో పెట్టాను.
వెలుతురు పడితే లోపల తేనెరంగు చారలు,
పొర మీద పొర,
ఏ ఊరి గేదెదో.

"మాపిటేల మల్లీ సూద్దాంలే" అంటోంది
మనిషంతా నా వైపు తిరిగి.